టర్మినల్‌కీ ఎడిటర్‌కీ కలర్ స్కీమ్ ఎలా ఎంచుకోవాలి? ముందు ఆ పదహారు గళ్ళు చూస్కోండి

సామాన్ల సంగతి ముందే తేల్చేద్దాం, ఇందులో చెప్పడానికి పెద్దగా ఏం లేదు. రంగులు మార్చనిచ్చే టర్మినల్, అంటే కమాండ్లు టైప్ చేసే విండో కావాలి, గ్నోమ్ టర్మినల్, ఐటర్మ్, విండోస్ టర్మినల్, అలాక్రిటీ, ఏదైనా పర్లేదు. మీరు రోజూ కోడ్ రాసుకునే ఎడిటర్. మీరు రోజూ కూర్చునే సీటు, అదే వెలుతురు. రాత్రి పదకొండుకి మంచం మీద పడుకుని ఎంచిన స్కీము పొద్దున ఆఫీసులో కిటికీ పక్కన పనికిరాదు, చీర కొన్నట్టే ఇదీ, షాపు లైట్ల కింద చూసిన రంగు ఇంటికొచ్చాక ఉండదు.

మొదటి పని, లైటా డార్కా తేల్చుకోండి. వెలుతురున్న గదిలో లైట్, చీకటి గదిలో డార్క్, ఇంతే రూలు. డార్క్ అయితే కళ్ళకి మంచిదని అందరూ అంటారు గానీ తెర చీకటిగా ఉంటే కంటిపాప పెద్దదవుతుంది, ఆస్టిగ్మాటిజం, అంటే కంటి వంపు సమంగా లేని చూపు లోపం ఉన్నవాళ్ళకి నల్లటి దాని మీద తెల్ల అక్షరాలు చుట్టూ పొగ కమ్మినట్టు కనిపిస్తాయి, నాకు అలాగే కనిపించేవి, నేనేమో రెండుసార్లు కళ్ళజోడు మార్పించాను. డార్కే కావాలంటే ముదురు బూడిద పెట్టుకోండి, రంగు కోడ్‌లో సున్నాలు ఆరు పెట్టిన పచ్చి నలుపు వద్దు. బ్యాక్‌గ్రౌండ్ ట్రాన్స్‌పరెంట్‌గా పెట్టి వెనకాల హీరో వాల్‌పేపర్ కనపడేలా చేసుకునేవాళ్ళు ఇక్కడితో ఆపెయ్యొచ్చు.

రెండోది, ఒక రంగుల స్కీము కుటుంబాన్ని పట్టుకోండి. సోలరైజ్డ్ 2011లో వచ్చింది, గ్రువ్‌బాక్స్ 2012లో, డ్రాక్యులా 2013లో, నార్డ్ 2016లో, ఆ తర్వాత కాట్‌పుచిన్, ఇంకా బోలెడు. లైటూ డార్కూ రెండూ ఉండాలి, మీ టర్మినల్‌కీ ఎడిటర్‌కీ రెండింటికీ దొరకాలి. నేను గ్రువ్‌బాక్స్ అంటాను, దాని డార్క్ బ్యాక్‌గ్రౌండ్ నంబరు 282828, గుర్తుపెట్టుకోడానికి కూడా తేలిక. స్క్రీన్‌షాట్ చూసి మాత్రం ఎంచొద్దు, ఆ స్క్రీన్‌షాట్లో ముప్పై లైన్ల ముద్దొచ్చే కోడ్ ఉంటుంది, మీ దగ్గర ఉండేది ప్రోగ్రామ్ రాసిపడేసిన నాలుగు వేల లైన్ల లాగ్.

ఇప్పుడు అసలు తిప్పలు. ఇక్కడే అందరూ చెడగొడతారు, నెమ్మదిగా చదవండి.

ఎల్ఎస్, గ్రెప్, గిట్ లాంటి కమాండ్లు టర్మినల్‌కి ఫలానా ఎరుపు వెయ్యి అని చెప్పవు, 1వ నంబరు వెయ్యి అంటాయి అంతే, ఆ 1 అంటే ఏ ఎరుపో టర్మినల్‌లో మీరు పెట్టినదాన్ని బట్టి. 0 నించి 7 దాకా మామూలు ఎనిమిది రంగులు, 8 నించి 15 దాకా వాటి బ్రైట్ జంటలు, మొత్తం 16 గళ్ళు. దీని పైన 256 రంగుల పట్టిక ఉంది, ఈ 16కి తోడు ఆరు ఆర్ల ముప్పై ఆరు, మళ్ళీ ఆరుతో గుణిస్తే 216 రంగులు, ఇంకో 24 బూడిద ఛాయలు. ఆపైన ట్రూ కలర్, కోటీ అరవై ఏడు లక్షల పైచిలుకు. ఎడిటర్ థీమ్ ట్రూ కలర్‌లో వెలిగిపోతుంటే సంబరపడి టర్మినల్‌లో 16 గళ్ళు ఎలా ఉన్నాయో చూడరు, సర్వర్‌లోకి లాగిన్ అయ్యాక అక్కడ ట్రూ కలర్ చాలాసార్లు రాదు, ఎక్కువగా పని నడిచేది ఆ 16తోనే, ఎందుకంటే ట్రూ కలర్ ఉందని చెప్పే వేరియబుల్‌ని, దూరపు సర్వర్‌కి కనెక్ట్ చేసే ఎస్ఎస్‌హెచ్ మామూలుగా అవతలికి పంపదు. అందుకే ముందు టర్మినల్, తర్వాతే ఎడిటర్.

ఆ 16లో రెండు గళ్ళ దగ్గర జాగ్రత్త. ఒకటి 4, అంటే నీలం. ఫైళ్ళ లిస్టు చూపే ఎల్ఎస్‌లో ఫోల్డర్ల పేర్లు ఈ రంగులోనే వస్తాయి. మన కంటికి వెలుతురు ఎక్కువగా ఆకుపచ్చ నించే తెలుస్తుంది, కాంట్రాస్ట్, అంటే అక్షరానికీ వెనక రంగుకీ ఉన్న వెలుతురు తేడా లెక్కలో ఆకుపచ్చ వాటా దాదాపు 72 శాతం, ఎరుపుది 21, నీలానిది 7, కాబట్టి నలుపు మీద పచ్చి నీలం పెడితే కాంట్రాస్ట్ 2.5 దాటదు, హాయిగా చదవాలంటే కనీసం 4.5 ఉండాలి. విండోస్ కన్సోల్‌లో కూడా ఏళ్ళ తరబడి ఈ నీలంతో ఏడ్చి 2017లో డిఫాల్ట్ రంగులే మార్చారు. మీ నీలం కాస్త ఆకాశం వైపు జరగాలి, సిరా వైపు కాదు.

రెండోది 8, బ్రైట్ బ్లాక్, మాటకే బ్రైట్, నిజానికి బూడిద. "అన్నా, టెస్టులు పాస్ అయ్యాయంటోంది గానీ ఏవి పాసయ్యాయో లిస్టే రావట్లేదు" అని మా జూనియర్ పిల్లాడు ఒకసారి నన్ను పిలిచాడు, వాడు సగం రోజు టూల్ వెర్షన్లు మార్చి మార్చి చూశాడు పాపం. లిస్టు వస్తూనే ఉంది, కనపడట్లేదు. సోలరైజ్డ్ డార్క్‌లో 8వ గడి రంగూ బ్యాక్‌గ్రౌండ్ రంగూ ఒకటే, ఆ టెస్ట్ టూల్ పాసైన పేర్లని 8లో రాస్తోంది. మౌస్‌తో సెలెక్ట్ చేసి చూపిస్తే వాడి మొహం చూడాలి. టర్మినల్‌లో కమాండ్లు అందుకునే జెడ్ షెల్‌లో టైప్ చేస్తుంటే ముందే సజెస్ట్ చేసే ప్లగిన్ ఉంది కదా, దాని డిఫాల్ట్ రంగు కూడా 8, అదీ అలాగే మాయమవుతుంది. సోలరైజ్డ్ చేసినాయన తెలివితక్కువాడని కాదు, ఎనిమిది అసలు రంగులూ ఎనిమిది బూడిద ఛాయలూ కలిపి 16 గళ్ళలో సర్దాలంటే బ్రైట్ గళ్ళు చాలావరకు వాడేసుకోక తప్పలేదు, కానీ మిగతా ప్రోగ్రామ్‌లకి ఈ సంగతి తెలీదు కదా.

ఇంకో మెలిక, బోల్డ్ అక్షరాల్ని బ్రైట్ రంగుల్లో చూపించు అనే టిక్కు చాలా టర్మినళ్ళలో ఉంటుంది. తీసెయ్యండి. అది ఉంటే 4 బోల్డ్‌గా వచ్చినప్పుడల్లా 12 అయిపోతుంది, సోలరైజ్డ్‌లో 12 అంటే బూడిద, నీలంగా రావాల్సిన ఫోల్డర్లు బూడిద పూసుకుని వస్తాయి.

చూసుకోవడం ఎలాగంటే 30 నించి 37, 90 నించి 97 దాకా ఎస్కేప్ కోడ్లతో (టర్మినల్‌కి రంగు మార్చమని చెప్పే కోడ్లు, 30-37 అంటే 0-7 గళ్ళు, 90-97 అంటే 8-15) ఒక్కో రంగులో ఒక్కో లైను ప్రింట్ చేసే చిన్న లూప్ రాసుకోండి, లేచి రెండడుగులు వెనక్కి జరిగి చదవండి. లైట్ స్కీములో 7, 15 మాయమవుతాయా, పసుపు పాలిపోతుందా అనేవి కూడా ఇక్కడే తెలుస్తాయి. డార్క్‌లో 0 కనపడకపోతే పర్లేదు, 8 కనపడకపోతే మాత్రం ఆ గడిలో వేరే బూడిద పెట్టండి లేదా స్కీమే మార్చండి.

మూడోది ఎడిటర్, ఇది పది నిమిషాల పని. టర్మినల్‌లో నడిచే విమ్ ఎడిటర్ అయితే టర్మ్‌గుయ్‌కలర్స్ అనే సెట్టింగు ఆన్ చేస్తే సొంత రంగులు వాడుతుంది, ఆఫ్ చేస్తే టర్మినల్ గళ్ళ మీద ఆధారపడుతుంది. ఆన్ చేసి వేరే కుటుంబం థీమ్ పెడితే ఎడిటర్ చుట్టూ వేరే రంగు అంచు ఫోటో ఫ్రేములా కనిపిస్తుంది, అందుకే రెండు చోట్లా ఒకే కుటుంబం ఉండాలన్నాను. ఒకే టర్మినల్‌ని చాలా విండోలుగా చీల్చే టీమక్స్ వాడేవాళ్ళు దాన్లో కూడా ట్రూ కలర్ ఆన్ చెయ్యాలి, లేదంటే మధ్యలో అది రంగుల్ని 256కి కుదించేస్తుంది, మీరేమో థీమ్ బాలేదని తిట్టుకుంటారు.

కామెంట్లు, అంటే కోడ్ మధ్యలో మనుషుల కోసం రాసే వివరణలు, వెలిసిపోయినట్టు ఉండే థీమ్ నాకు పడదు. సోలరైజ్డ్ డార్క్‌లో కామెంట్ల కాంట్రాస్ట్ 3 కూడా ఉండదు. కామెంట్ రాసిందే చదవడానికి. కోడ్‌లో తెలుగు మాటలు ఉండేవాళ్ళకి ఇది ఇంకా ముఖ్యం, మన వత్తులు, గుడులు చిన్న గీతలు, పాలిపోయిన బూడిదలో మొదట పోయేవి అవే. ఇటాలిక్ కూడా తీసెయ్యండి, తెలుగు అక్షరాన్ని పక్కకి ఒరగేస్తే చూడలేం.

కోడ్‌లో ఏం మారిందో చూపే గిట్ డిఫ్‌లో పోయిన లైన్లు ఎరుపు, కొత్తవి ఆకుపచ్చ, ఆ తేడా తెలీనివాళ్ళు మీ టీమ్‌లో ఉండొచ్చు, చాలామంది చెప్పరు. గిట్ సెట్టింగుల్లో కొత్త లైన్లకి నీలం పెట్టుకుంటే సరిపోతుంది, 4వ గడి బాగుచేసుకున్నారు కదా ఇప్పటికే.

ఆఖరిది, ప్రొడక్షన్ సర్వర్లకి, అంటే జనం వాడే అసలు సర్వర్లకి, టర్మినల్‌లో వేరే ప్రొఫైల్ చేసుకోండి, అన్ని రంగులూ అవే, బ్యాక్‌గ్రౌండ్ ఒక్కటే వేరు. రెండు విండోలు ఒకేలా ఉండి నేను ఒక శుక్రవారం సాయంత్రం టెస్ట్ సర్వర్ అనుకుని అసలుదాన్ని రీస్టార్ట్ చేశాను. ఆ రంగు అందంగా ఉండకూడదు, ఇటుక లాంటి ముదురు ఎరుపు పెట్టండి, చూడగానే తొందరగా పని ముగించుకుని బయటపడాలనిపించాలి.