వాకిట్లో మేట వేసిన మట్టిని మినీ ట్రాక్టరుతో తీసే విధానం

విశాఖపట్నంలో మంచు కురవదు గానీ, అక్టోబరు వచ్చిందంటే తుఫాను కబురు కోసం చెవులు రిక్కించుకోక తప్పదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ ఈ నగరం దగ్గరే తీరం దాటింది. 2021 సెప్టెంబరు చివర్లో గులాబ్ కళింగపట్నానికి ఉత్తరాన తీరం దాటినా, ఇక్కడి లోతట్టు కాలనీలను వాన ముంచెత్తింది. అలాంటి వానల్లో కొండవాలు కాలనీల గెడ్డలు, అంటే వాగులు, పొంగి ఎర్రమట్టిని గేటు నుంచి పోర్టికో దాకా మేట వేసిపోతాయి. సాగరతీరాన్ని ఆనుకున్న ఇళ్లకైతే ఆ పని గాలే చేస్తుంది, మట్టికి బదులు ఇసుకతో.

చలిదేశాలలో ఇంటి ముందరి దారిలో పడిన మంచును చిన్న ట్రాక్టరుకు బ్లేడు కట్టి తీస్తారు. ఆ పద్ధతి మన మట్టికీ పనికివస్తుంది, అయితే బరువు విషయంలో పోలికే లేదు. కొత్తగా కురిసిన మంచు ఘనపు మీటరుకు మామూలుగా 100 కిలోలకు మించి తూగదు, తడిసిన మట్టి మాత్రం దాదాపు 1,800 కిలోలు తూగుతుంది. మూడు మీటర్ల వెడల్పు, ఇరవై మీటర్ల పొడవు ఉన్న దారిలో జానెడు కన్నా తక్కువగా, 15 సెంటీమీటర్ల మందాన మేట వేసినా అది తొమ్మిది ఘనపు మీటర్లు, అంటే సుమారు 16 టన్నులు. ఈ లెక్క మనసులో ఉంచుకున్నవారు మొత్తం మందాన్ని ఒకే ఊపులో లాగేయాలని చూడరు, రెండు మూడు అంగుళాల పొరలుగానే తీస్తారు.

ఇరవై నుంచి ఇరవై ఎనిమిది హార్స్‌పవర్ మధ్య ఉండి, నాలుగు చక్రాలకూ ఇంజను శక్తి అందే (ఫోర్ వీల్ డ్రైవ్) మినీ ట్రాక్టరు ఈ పనికి సరిపోతుంది. జేసీబీ త్వరగా తీస్తుందన్నది నిజమే, కానీ మన సందుల్లో అది తిరిగేసరికి గేటు స్తంభమో ర్యాంపు అంచో పోవడం ఖాయం, కాబట్టి ఇంటి వాకిటికి దాన్ని పిలవవద్దనే నేను చెబుతాను. ట్రాక్టరు వెనక పనిముట్లను మూడు చోట్ల పట్టి ఎత్తే, దించే చేతులను మూడు పాయింట్ల లింకేజీ అంటారు. దానికి తగిలించే లెవలర్ బ్లేడు, అంటే నేలను చదును చేసే అడ్డపలక, వెనక టైర్ల బయటి అంచుల కన్నా రెండు వైపులా కాస్త ఎక్కువ వెడల్పు ఉండాలి, లేకపోతే తీసిన చోటనే టైరు మళ్లీ మట్టిని తొక్కుతుంది. ముందు వైపు వెయిట్లు తప్పనిసరిగా కట్టాలి. వాకిట్లో పార్కింగ్ టైల్స్ ఉన్నవారు పాత కన్వేయర్ బెల్టు ముక్కను బ్లేడు పొడవునా కోసి, ఇనుప అంచు కన్నా అంగుళం కిందికి వచ్చేలా బోల్టులతో బిగించుకోవడం మంచిది. గాజువాక ఆటోనగర్ వైపు వెల్డింగ్ షాపుల వారికి ఇది చిన్న పని.

ఇంజను వేయడానికి ముందు దారంతా ఒకసారి కాలినడకన చూడాలి. తెగిపడిన కరెంటు తీగ కనిపిస్తే దగ్గరకు పోకుండా 1912కు ఫోను చేసి, సరఫరా ఆపేశామని వారు చెప్పిన తరువాతే పనిలోకి దిగాలి. కొట్టుకొచ్చిన కొమ్మల కింద పాములు చేరతాయి కాబట్టి వాటిని చేతితో కాక కర్రతో తొలగించాలి. ఆ తరువాత గడపారతో మట్టిని అడుగడుగునా గుచ్చి చూస్తూ, డ్రైనేజీ ఛాంబరు మూతలు, నీటి కుళాయి వాల్వు గుంట, సంపు మూత ఎక్కడున్నాయో కనిపెట్టి, ఒక్కోచోట ఎర్రగుడ్డ కట్టిన కర్రను పాతాలి.

ఈ కర్రల సంగతి నాకు తెలిసివచ్చింది నష్టపోయాకనే. మా వీధిలో ఒక ఇంటి ముందు మట్టి తీస్తున్నప్పుడు, నేల కన్నా అంగుళం పైకి ఉన్న ఛాంబరు ఇనుప మూతను బ్లేడు కుడి మూల పట్టేసింది. ట్రాక్టరు ఒక్కసారిగా పక్కకు గుంజింది, మూత ఊడి దొర్లింది, వెనక చక్రం గుంట అంచున సగం గాలిలో ఆగింది. ముందే గుచ్చి చూసి ఉంటే అయిదు నిమిషాలు పట్టేది. చక్రాన్ని బయటికి తీయడానికి నలుగురు మనుషులు, రెండు దుంగలు, ఒక పూట పట్టాయి. సంపు విషయంలో ఇంకా జాగ్రత్త అవసరం. మన ఇళ్లలో సంపు చాలావరకు పోర్టికో కిందనే ఉంటుంది, దాని మీది పలక కారును మోయవచ్చు గానీ, బ్లేడుతో కలిపి టన్ను దాకా ఉండే ట్రాక్టరు బరువు రెండు వెనక చక్రాల మీదికి వచ్చినప్పుడు నిలుస్తుందన్న భరోసా లేదు. అందువల్ల సంపు మీది మట్టిని పారతో, తట్టతో తీయడమే మేలు.

తీసిన మట్టి ఎక్కడికి పోవాలో కూడా ముందే తేల్చుకోవాలి. కాలువలోకో గెడ్డలోకో తోసేస్తే తరువాతి వానకు అదే మట్టి అదే వాకిట్లోకి తిరిగి వస్తుంది. ప్రహరీగోడకు ఆనించి పోస్తే తడిమట్టి నెట్టుడుకు గోడ ఒరుగుతుంది. గేటు బయట దారికి అడ్డం రాని ఒక మూలన కుప్ప వేయించి, టన్నున్నర మోసే ట్రాలీ అయితే పదకొండు పన్నెండు తడవలు తిరగాల్సి వస్తుందని లెక్క వేసుకుని, నగరపాలక సంస్థ వారు చూపించిన చోటికి తోలించాలి.

ఏ రోజు తీయాలన్నది కూడా ముఖ్యమే. ఎర్రమట్టి జారుగా ఉన్నప్పుడు బ్లేడు పక్కల నుంచి తప్పించుకుని వెనక్కి చేరుతుంది, పూర్తిగా ఎండితే ఇటుకలా బిగుసుకుంటుంది. కాలు వేసినప్పుడు పాదం అచ్చు చెరగకుండా నిలవాలి, ఆ అచ్చులోకి నీరు ఊరకూడదు. వాన వెలిసిన మరునాడో ఆ తరువాతి రోజో మట్టి ఆ పదునుకు వస్తుంది.

ఇక అసలు పని. వీధి వైపు పల్లంగా ఉండే ర్యాంపు మీద బ్లేడును పైకి ఎత్తి, ట్రాక్టరును వెనక్కి నడుపుతూ ఇంటి వైపు ఎక్కించాలి. బరువైన వెనక భాగం ఎత్తు వైపు ఉండడం వల్ల ముందు చక్రాలు లేచి బండి వెనక్కి తిరగబడే ప్రమాదం ఈ దిశలో బాగా తగ్గుతుంది. ఎక్కించే ముందే, వెనక చక్రాలకు ఒక్కోదానికి విడిగా ఉండే రెండు బ్రేకు పెడళ్లను కలిపి లాకు వేయాలి, ఎందుకంటే వాలులో ఒక్క పెడలు మీద కాలు పడితే బండి గిర్రున తిరుగుతుంది. గోడకు ఒక మీటరు ఇవతల ఆగి, బ్లేడును దించి, లో ఫస్టు గేరులో నిదానంగా పల్లానికి లాగుతూ రావాలి. దిగేటప్పుడు క్లచ్ తొక్కడం, న్యూట్రల్ వేయడం రెండూ ప్రాణాంతకమే. బ్లేడు ఎత్తును పొజిషన్ లివరుతోనే నిలపాలి, డ్రాఫ్ట్ లివరును వాడితే బరువు పడినప్పుడల్లా బ్లేడు తనంతట తాను లేస్తూ దారిని మెట్లుమెట్లుగా చేస్తుంది. బ్లేడు ఒక పక్కకు వంగి గీరుతుంటే లింకేజీ కుడి చేతిని పైకి పట్టి ఉంచే లిఫ్ట్ రాడ్డుకున్న హ్యాండిల్‌ను తిప్పి మట్టం చేసుకోవాలి.

చక్రం జారడం మొదలైతే యాక్సిలరేటర్ పెంచకుండా బ్లేడును రెండు వేళ్ల ఎత్తు లేపితే చాలు, పట్టు దానంతటదే దొరుకుతుంది. ర్యాంపు మధ్యలో అడ్డంగా తిప్పకూడదు; తిప్పుడంతా వీధిలో సమతలం మీదనే. ఆ వేళ పిల్లలు గేటు దగ్గర గుమిగూడతారు, వారిని లోపలికి పంపించేదాకా గేరు వేయకండి. చివరి అంగుళం మట్టిని ట్రాక్టరుతో గీకించబోతే టైల్స్ లేచిపోతాయి, దాన్ని పారకూ చీపురుకూ వదిలేయాలి.

రుషికొండ, భీమిలి వైపు ఇసుకకు ఇంత తంతు లేదు. పొడిగా ఉంటే బ్లేడు ముందు నిలవకుండా జారిపోతుంది కాబట్టి తెల్లవారుజామున, తేమ ఉండగానే లాగాలి. ఉప్పు ఉంటుంది గనుక ఆ ఇసుక ఇంటి కట్టుబడికి పనికిరాదు, బురదతో కలపకుండా విడిగా ఉంచి తీరానికే చేర్చాలి.

సాయంత్రం బ్లేడునూ లింకేజీనీ ట్రాక్టరు అడుగునూ మంచినీటితో కడిగి, పిన్నుల దగ్గర ఇసుక రేణువు మిగలకుండా తుడిచి, గ్రీజు గన్నుతో పాత గ్రీజు బయటికి వచ్చేదాకా కొత్తది ఎక్కించాలి. బండి ఆపేటప్పుడు బ్లేడును గాలిలో వదలకుండా నేల మీద పరిచిన చెక్కపలక మీదికి దించి, పార్కింగ్ బ్రేకు లాగి, తాళం తీసి జేబులో వేసుకోవాలి.