బిగుసుకుపోయిన ఫిల్టర్ ఇలా ఊడింది
67 ఎంఎం పోలరైజర్ (మెరుపుల్ని తగ్గించే, తిప్పుకునే ఫిల్టర్) కెమెరా లెన్స్‌కి బిగుసుకుపోయి ఎంత తిప్పినా రాలేదు. దీంతో చిక్కేమిటంటే, ముందు రింగు ఊరికే తిరుగుతూనే ఉంటుంది; పట్టుకోవాల్సింది లెన్స్‌ని ఆనుకుని ఉన్న సన్నటి వెనక రింగుని. పైగా రెండు వేళ్లతో గట్టిగా నొక్కేకొద్దీ ఆ పల్చటి అల్యూమినియం రింగు కాస్త కోడిగుడ్డు ఆకారంలోకి వంగి, మరలు ఇంకా బిగుస్తాయి. కావాల్సింది బలం కాదు, చుట్టూ సమానమైన పట్టు. వెడల్పాటి రబ్బరు బ్యాండు వెనక రింగుకి చుట్టి, ఐదు వేళ్లూ తేలిగ్గా ఆనించి, ఎడమవైపుకి తిప్పాను. కిర్రుమంటూ కదిలింది.

తిరిగే రింగు లేని మామూలు యూవీ ఫిల్టరైతే ఇంకా సులువు: కడిగి ఆరబెట్టిన రబ్బరు చెప్పు అడుగుని రింగు అంచుకి బల్లపరుపుగా ఆనించి తిప్పితే చాలు. కొబ్బరినూనె చుక్క వేయమన్నారు మా ఇంట్లో. వద్దే వద్దు! నూనె లోపలికి పాకి, వెలుతురుని ఎక్కువ తక్కువ చేసే అపెర్చర్ రేకులకి అంటితే లెన్స్ విప్పించాల్సిందే.