యూకేలో పుట్టిన మీ బిడ్డకు పౌరసత్వం: ఏ కాగితం ముందు, ఏది తర్వాత?

అమెరికాలో పుట్టిన పిల్లల సంగతి వినీ వినీ, లండన్‌లోనో లెస్టర్‌లోనో పుట్టినా బ్రిటిష్ పాస్‌పోర్టు దానంతటదే వచ్చేస్తుందని మన ఇళ్లలో చాలామంది అనుకుంటారు. యూకేలో 1983 జనవరి 1 నుంచి ఆ పద్ధతి లేదు. బిడ్డ పుట్టే నాటికి తల్లిదండ్రుల్లో ఒక్కరైనా బ్రిటిష్ పౌరులై ఉండాలి, లేదా అక్కడ శాశ్వతంగా ఉండే హక్కు, అంటే ఐఎల్‌ఆర్ (ఇండెఫినిట్ లీవ్ టు రిమెయిన్) లాంటిది, ఉండాలి. స్కిల్డ్ వర్కర్ వీసా మీదో, స్టూడెంట్ వీసా మీదో ఉన్న ఇద్దరు భారతీయులకు పుట్టిన పాప బ్రిటిష్ పౌరురాలు కాదు.

ముందు తేదీలు చూసుకోండి

అసలు లెక్కంతా బిడ్డ పుట్టిన రోజు మీదే. ఆ రోజుకే అమ్మకో నాన్నకో ఐఎల్‌ఆర్ వచ్చి ఉంటే బిడ్డ పుట్టుకతోనే బ్రిటిష్. నేరుగా పాస్‌పోర్టుకు అప్లై చేయవచ్చు. ఐఎల్‌ఆర్ ఆ తర్వాత వస్తే, ఒక్క వారం తేడా అయినా సరే, దానంతటదే ఏదీ రాదు. అప్పుడు బిడ్డను బ్రిటిష్ పౌరసత్వానికి విడిగా రిజిస్టర్ చేయించాలి. ఇది తెలియక నేరుగా బ్రిటిష్ పాస్‌పోర్టుకు అప్లై చేస్తే తిరస్కరిస్తారు.

బర్త్ సర్టిఫికెట్, అందులో పేరు

ఇంగ్లండ్, వేల్స్, ఉత్తర ఐర్లండ్‌లో 42 రోజుల్లోపు, స్కాట్లండ్‌లో 21 రోజుల్లోపు జననాన్ని నమోదు చేయించాలి. తల్లిదండ్రుల వివరాలన్నీ ఉండే పూర్తి సర్టిఫికెట్ తీసుకోండి. తర్వాత అందరూ అడిగేది దాన్నే.

ఇక్కడ మనవాళ్లకు వచ్చే టెన్షన్ పేరుతోనే. పంతులుగారు అక్షరం చెప్పాలి, బారసాల జరగాలి, అప్పటికి గడువు దగ్గరపడుతుంది. ఇంగ్లండ్, వేల్స్‌లో నమోదు చేసిన 12 నెలల్లోపు పెట్టిన పేరును రికార్డులోకి ఎక్కించుకునే వీలుంది కానీ, ఆ పని పెట్టుకోకపోవడమే మేలు. ఇంటిపేరు సంగతి ఇంకా జాగ్రత్తగా చూడాలి. నాన్న పాస్‌పోర్టులో సర్‌నేమ్ గడి ఖాళీగా ఉంటుంది, అమ్మ పాస్‌పోర్టులో పుట్టింటి పేరు ఉంటుంది. బిడ్డ సర్టిఫికెట్‌లో ఏ ఇంటిపేరు రాయించాలో రిజిస్ట్రార్ ముందు కూర్చున్నాక కాదు, ఇంట్లోనే తేల్చుకోండి. రాయించిన పేరునే ఇండియా కాగితాల్లోనూ అక్షరం తేడా లేకుండా వాడండి.

ఏడాదిలోపు ఇండియా రిజిస్ట్రేషన్

నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యమైన పని ఇది. మనవాళ్లు వాయిదా వేసేదీ దీన్నే. అమ్మానాన్నలు భారతీయులైతే బిడ్డకు భారత పౌరసత్వం ఉన్నట్టే అనుకుంటాం. కానీ 2004 డిసెంబరు 3 నుంచి విదేశంలో పుట్టిన బిడ్డ విషయంలో, 1955 పౌరసత్వ చట్టం నాలుగో సెక్షన్ ప్రకారం, పుట్టిన ఏడాదిలోపు భారత కాన్సులేట్‌లో నమోదు చేయించాలి. అప్లికేషన్ ఆన్‌లైన్‌లో నింపాలి. బిడ్డ బర్త్ సర్టిఫికెట్, తల్లిదండ్రుల పాస్‌పోర్టులు, పెళ్లి సర్టిఫికెట్, యూకేలో మీ వీసా వివరాలు దగ్గర పెట్టుకోండి. బిడ్డకు వేరే దేశపు పాస్‌పోర్టు లేదని తల్లిదండ్రులు రాసివ్వాలి. గుళ్లో పెళ్లి చేసుకుని రిజిస్టర్ చేయించుకోని జంటలు ఆ పనిని ప్రసవానికి ముందే చూసుకోవడం మంచిది. ఏడాది దాటితే కేంద్ర ప్రభుత్వ అనుమతి కావాలి. ఆలస్యం ఎందుకైందో వివరించి ఎదురుచూడాల్సి వస్తుంది.

కావాలనే రిజిస్టర్ చేయించని వాళ్లూ కొందరున్నారు. బిడ్డకు ఏ దేశ పౌరసత్వమూ లేదని చూపిస్తే, ఐదేళ్లు యూకేలో ఉన్నాక బ్రిటిష్‌గా రిజిస్టర్ చేయించుకునే నిబంధన ఒకటి ఉంది. 2017లో లండన్‌లోని హైకోర్టు అలాంటి కేసులో, భారతీయ దంపతుల బిడ్డకు అనుకూలంగా తీర్పిచ్చింది. ఆ దారిని 2022 నాటి చట్టంతో బాగా బిగించేశారు. తల్లిదండ్రులు ప్రయత్నిస్తే వేరే పౌరసత్వం వచ్చే అవకాశం ఉన్న పిల్లలకు ఇప్పుడది పనిచేయదు. పాత వీడియోలు చూసి ఆ దారి పట్టకండి.

వీసా

యూకేలో పుట్టిన బిడ్డ వీసా లేకుండా అక్కడే ఉంటే నేరం కాదు. కానీ అమ్మమ్మకు చూపించడానికి ఇండియా తీసుకెళితే తిరిగి రావడానికి వీసా కావాలి. అందుకే ప్రయాణానికి ముందే డిపెండెంట్ వీసా తీసుకోవడం తేలిక. ఇంకో కారణం కూడా ఉంది. మూడు నెలల వయసు దాటాక ఆసుపత్రి వైద్యానికి బిల్లు పడే అవకాశం ఉంది. వీసా అప్లికేషన్‌తో పాటు హెల్త్ సర్‌చార్జి (అక్కడి ప్రభుత్వ వైద్యం కోసం కట్టే రుసుము) కడితే ఆ బెంగ ఉండదు.

ఐఎల్‌ఆర్ వచ్చాక

అమ్మానాన్నల్లో ఒక్కరికి ఐఎల్‌ఆర్ వచ్చిన రోజు నుంచి, యూకేలో పుట్టిన బిడ్డకు 18 ఏళ్లు నిండేలోపు ఎం.ఎన్.1 ఫారంతో బ్రిటిష్ పౌరసత్వం అడిగే హక్కు ఉంటుంది. ఇది అధికారుల దయ కాదు, చట్టం ఇచ్చిన హక్కు. పదేళ్లు దాటిన పిల్లల విషయంలో మాత్రం సత్ప్రవర్తన కూడా చూస్తారు.

చాలామంది తమతో పాటు బిడ్డకూ ఐఎల్‌ఆర్ ఫీజు కట్టేస్తారు. అక్కర్లేదు. బిడ్డకు ఐఎల్‌ఆర్ లేకపోయినా ఎం.ఎన్.1 చెల్లుతుంది. రిజిస్ట్రేషన్ ఫీజే ఎక్కువ కాబట్టి రెండు ఫీజులు కట్టే ముందు ఆలోచించండి. ఇండియాలో పుట్టి వచ్చిన పెద్ద బిడ్డకు మాత్రం ఈ సౌకర్యం లేదు. ఒకే ఇంట్లో ఇద్దరు పిల్లల దారులు వేరవుతాయి.

పదేళ్ల దారి

తల్లిదండ్రులకు ఐఎల్‌ఆర్ రాకపోయినా, యూకేలో పుట్టి మొదటి పదేళ్లూ అక్కడే పెరిగిన బిడ్డ ఫారం టి ద్వారా రిజిస్టర్ కావచ్చు. ఆ పదేళ్లలో ఏ ఏడాదీ 90 రోజులకు మించి దేశం బయట ఉండకూడదన్నది మామూలు నియమం. తల్లిదండ్రుల వీసాతో పని లేదు. 18 దాటాక కూడా ఈ హక్కు పోదు.

2025 మేలో బ్రిటన్ ప్రభుత్వం ఐఎల్‌ఆర్‌కు మామూలు గడువును ఐదేళ్ల నుంచి పదేళ్లకు పెంచుతామని శ్వేతపత్రంలో ప్రతిపాదించింది. గడువు అలా పెరిగిన ఇళ్లలో తల్లిదండ్రుల కన్నా బిడ్డే ముందు అర్హత సంపాదించవచ్చు. అందుకే నర్సరీ, స్కూలు, జీపీ (ఫ్యామిలీ డాక్టర్) ఉత్తరాలు, ప్రయాణ తేదీలు మొదటి ఏడాది నుంచే ఒక ఫైల్లో పెట్టండి. వేసవి సెలవులకని పంపి బిడ్డను తాతగారింట్లో ఆర్నెల్లు ఉంచే ముందు కూడా ఈ 90 రోజుల లెక్క గుర్తుంచుకోండి.

బ్రిటిష్ అయ్యాక

భారత్ రెండు పౌరసత్వాలను ఒప్పుకోదు. బ్రిటిష్ పౌరసత్వం వచ్చాక బిడ్డ ఇండియన్ పాస్‌పోర్టును వెనక్కిచ్చి సరెండర్ సర్టిఫికెట్ తీసుకోవాలి. గడువు మిగిలింది కదా అని దానిపై ప్రయాణిస్తే జరిమానాతో పాటు కేసు కూడా పడవచ్చు. ఆ తర్వాత, విదేశీ పౌరులైన భారత సంతతివారికి ఇచ్చే ఓసీఐ కార్డుకు అప్లై చేయండి. ఓసీఐతో ఓటుండదు, ఊళ్లో పొలం కొనడానికి వీల్లేదు. తాతగారి పొలం వారసత్వంగా మాత్రం రావచ్చు.