సభలో, థియేటర్లో మాట నేరుగా మీ హియరింగ్ ఎయిడ్‌లోకి రావాలంటే ఏం చేయాలి?

ఇంట్లో ఎదురుగా కూర్చుని మాట్లాడితే అన్నీ వినపడతాయి. అదే ఏ సభకో నాటకానికో వెళ్తే, మైకులో మాట్లాడుతున్నా ఒక్క ముక్క అర్థం కాదు. హియరింగ్ ఎయిడ్ పెట్టుకున్నవాళ్లలో చాలామంది చెప్పే మాట ఇది. కొందరు మిషన్ పాడైందనుకుంటారు. కొందరు వినికిడి ఇంకా తగ్గిపోయిందని దిగులు పడతారు. ఇంకొందరు బయటికి వెళ్లడమే మానేస్తారు. ఈ మూడో రకం వాళ్లను చూస్తే నాకు మనసు కలుక్కుమంటుంది. కొన్నేళ్లపాటు నేనూ అలాగే ఇంట్లో ఉండిపోయాను.

దీనికి కారణం దూరం. మిషన్‌లోని మైకు మీ చెవి దగ్గర ఉంటుంది, మాట్లాడే మనిషి ఎక్కడో వేదిక మీద ఉంటారు. ఆరుబయట దూరం రెట్టింపైన ప్రతిసారీ శబ్దం సుమారు 6 డెసిబెల్స్ పడిపోతుంది. హాల్లో అయితే మాట పలచబడుతూ ఉంటే, గోడల నుంచి తిరిగొచ్చే ప్రతిధ్వని, ఫ్యాన్ల హోరు, పక్క సీట్ల గుసగుసలు దాన్ని కప్పేస్తాయి. మిషన్ వీటన్నిటినీ కలిపే పెంచుతుంది. అందుకే వాల్యూం పెంచినప్పుడు గోల పెరుగుతుంది కానీ మాట తేటపడదు.

వేదిక మీది మైకులో పడిన మాటను అక్కడికక్కడే పట్టుకుని, హాలు గాలిలో కలవనివ్వకుండా మీ చెవిలో దించే ఏర్పాట్లు చాలాచోట్ల ఉన్నాయి. ఉన్నా వాడుకునేవాళ్లు తక్కువ. ఎలా వాడుకోవాలో వరుసగా చెబుతాను.

ముందు మీ మిషన్‌లో ఏముందో తెలుసుకోండి

నేను ఒకసారి ఒక హాల్లో రెండు గంటలు కూర్చున్నాను. గోడ మీద చెవి బొమ్మ, పక్కన టి అక్షరం ఉన్న బోర్డు కనబడుతూనే ఉంది. అదేమిటో నాకు తెలియదు. ఆ రోజు మాట్లాడింది నేను ఎంతో అభిమానించే మనిషి, ఆయన చెప్పిందేమీ నాకు అందలేదు. తర్వాత తెలిసిందేమిటంటే ఆ బోర్డు నాలాంటివాళ్ల కోసమే పెట్టారు. ఆ హాల్లో లూప్, అంటే మైకులోని మాటను అయస్కాంత క్షేత్రంగా పంపే తీగ, ఉందని దాని అర్థం. ఆ మాటను అందుకునే టెలికాయిల్ నా మిషన్‌లో మొదటి రోజు నుంచీ ఉంది. దాన్ని ఆన్ చేసి ఇవ్వలేదు, అంతే.

టెలికాయిల్ అంటే మిషన్ లోపల ఉండే సన్నని రాగి తీగ చుట్ట. మైకు గాలిలోని శబ్దాన్ని పట్టుకున్నట్టు, ఇది అయస్కాంత క్షేత్రంలోని హెచ్చుతగ్గులను పట్టుకుంటుంది. మొదట్లో టెలిఫోన్ రిసీవర్‌లోని మాట వినడానికి పెట్టారు, పేరులో టెలి అందుకే వచ్చింది. చెవి వెనక పెట్టుకునే మిషన్లలో, కాక్లియర్ ఇంప్లాంట్ (ఆపరేషన్ చేసి చెవి లోపల అమర్చే పరికరం) ప్రాసెసర్లలో ఇది తరచుగా ఉంటుంది. చెవి లోపల దాగిపోయే చిన్న మిషన్లలో చోటు చాలక చాలాసార్లు ఉండదు.

మీ ఆడియాలజిస్ట్‌ను, అంటే వినికిడి పరీక్షించి మిషన్ సరిచేసి ఇచ్చే నిపుణులను, కలిసినప్పుడు ఈ మూడూ అడగండి. నా మిషన్‌లో టెలికాయిల్ ఉందా? ఉంటే దానికి ప్రోగ్రాం (బటన్‌తో మార్చుకునే సెట్టింగ్) పెట్టి, ఏ బటన్ నొక్కితే వస్తుందో చూపిస్తారా? బ్లూటూత్ ఉంటే అది ఆరాకాస్ట్‌ను, అంటే ఒకేసారి అందరికీ పంపే బ్లూటూత్ ప్రసారాన్ని, అందుకుంటుందా? టెలికాయిల్‌కు రెండు ప్రోగ్రాములు పెట్టమనండి. ఒకటి ఉత్త టి, అంటే మిషన్ మైకు ఆగిపోయి లూప్ శబ్దం ఒక్కటే వచ్చేది. రెండోది ఎం-టి, అంటే రెండూ కలిసి వచ్చేది. టి ప్రోగ్రాంలో శబ్దం మామూలు ప్రోగ్రాం కన్నా నీరసంగా ఉంటే అక్కడే సరిచేయించుకోండి. సెట్టింగ్ చేయడానికి కొద్ది నిమిషాలు చాలు.

ఇంటికొచ్చాక ఒక చిన్న పరీక్ష చేయండి. టి ప్రోగ్రాంలోకి మార్చి, కరెంటు మీటరు దగ్గరికో, పనిచేస్తున్న ఇండక్షన్ స్టవ్ దగ్గరికో వెళ్లండి. గుయ్‌మని చప్పుడు వస్తే టెలికాయిల్ పని చేస్తున్నట్టే.

వెళ్లే ముందు ఫోన్ చేసి అడగండి

హాలు వాళ్లకు ఫోన్ చేయడమో, ఎవరిచేతనైనా చేయించడమో, మెసేజ్ పెట్టడమో చేయండి. "వినికిడి తక్కువ ఉన్నవాళ్లకు ఏ ఏర్పాటు ఉంది? లూపా, రిసీవర్లు ఇస్తారా, ఫోన్ యాప్ ఉందా?" అని వివరంగా అడగండి. ఉత్తగా "సౌకర్యం ఉందా?" అంటే, ర్యాంపు గురించో వీల్‌చైర్ గురించో చెప్పి ఫోన్ పెట్టేస్తారు. లూప్ అయితే ఏ వరుసల్లో బాగా వస్తుందో, రిసీవర్లయితే మెడలో వేసుకునే నెక్‌లూప్ కూడా ఇస్తారో లేదో కనుక్కోండి. ఆ రోజు సిస్టం ఆన్ చేసి ఉంచమని మరీ మరీ చెప్పండి. ఉండి కూడా ఆన్ చేయని లూపులు నేను చాలా చూశాను.

మిషన్ నిండా ఛార్జ్ చేసుకోండి, లేదా కొత్త బ్యాటరీలు దగ్గర పెట్టుకోండి. అరగంట ముందు చేరుకోండి. చెవి బొమ్మ, దాని మీదుగా ఏటవాలు గీత ఉన్న గుర్తు కోసం చూడండి. మూల టి అక్షరం కూడా ఉంటే అక్కడ లూప్ ఉన్నట్టు. ఆ గుర్తు ఫోటో మీ ఫోన్‌లో ఉంచుకోవడం మంచిది. కౌంటర్లో ఉన్న కుర్రాడికి లూప్ అన్న మాట తెలియకపోవచ్చు, బొమ్మ చూపిస్తే లోపలికి వెళ్లి తెలిసినవాళ్లను పిలుచుకొస్తాడు.

లూప్ ఉంటే

ఉన్నవాటిలో నాకు బాగా నచ్చేది ఇదే. చేతిలోకి ఏ పరికరమూ తీసుకోనక్కర్లేదు, ఎవరినీ ఏమీ అడగనక్కర్లేదు. హాలు నేల కిందో చుట్టూ గోడల వెంటో ఒక తీగ పరిచి ఉంటుంది. మైకు నుంచి వచ్చిన సిగ్నల్‌ను ఒక యాంప్లిఫయర్ ఆ తీగలోకి పంపుతుంది. తీగ చుట్టూ అయస్కాంత క్షేత్రం పుడుతుంది, మీ టెలికాయిల్ దాన్ని మళ్లీ శబ్దంగా మారుస్తుంది. ఈ పద్ధతికి బ్రిటన్‌లో జోసెఫ్ పొలియాకాఫ్ 1937లోనే పేటెంట్ తీసుకున్నారు. ఇప్పుడు దీనికి ఐఈసీ 60118-4 అనే అంతర్జాతీయ ప్రమాణం ఉంది. కాబట్టి మీ మిషన్ ఏ కంపెనీదైనా, ఏ దేశంలోని లూప్ అయినా రెండూ కలుస్తాయి.

సీట్లో కూర్చుని టి ప్రోగ్రాంలోకి మారండి. హాలు రొద ఒక్కసారిగా మాయమై, మాట చెవి పక్కనే చెబుతున్నట్టు వస్తుంది. మొదటిసారి అలా విన్నప్పుడు నాకు కళ్లు చెమర్చాయి.

మాట రాకపోయినా, సన్నగా వచ్చినా కంగారు పడకండి. ఒకటి రెండు సీట్లు పక్కకు జరిగి చూడండి. తీగకు సరిగ్గా పైన కూర్చుంటే శబ్దం బాగా పడిపోతుంది. బాల్కనీలోనూ, వెనక వరుసల్లోనూ లూప్ అందకపోవచ్చు. తలను ఎలా పెట్టారన్నది కూడా ముఖ్యం. నేల లూపులకు టెలికాయిల్ నిలువుగా ఉండాలి, మీరు కిందికి వంగి కాగితం చదువుతూ ఉంటే శబ్దం తగ్గుతుంది. తల ఎత్తితే తిరిగి వస్తుంది. గుయ్‌మనే హోరు ఆగకుండా వస్తుంటే దగ్గర్లో లైట్ల డిమ్మర్ గానీ కరెంటు కేబుల్ గానీ ఉండి ఉంటుంది, అక్కడి నుంచి కాస్త దూరంగా కూర్చోండి.

పక్కన ఎవరైనా తోడు వచ్చి ఉంటే ఎం-టి వాడండి, వాళ్లు పిలిస్తే వినపడుతుంది. ఉత్త టిలో ఉన్నప్పుడు మీ మైకులు ఆగిపోయి ఉంటాయి, ఫైర్ అలారం మోగినా సరిగ్గా వినపడకపోవచ్చు. ఒంటరిగా వెళ్తే ఈ సంగతి గుర్తుంచుకుని, పక్క సీటు వాళ్లకు ఒక మాట చెప్పి ఉంచండి.

టికెట్ కౌంటర్లలో, బ్యాంకుల్లో, రిసెప్షన్లలో చిన్న లూపులు ఉంటాయి. లండన్ నల్ల టాక్సీల్లో కూడా ఉంటాయి. కౌంటర్ లూప్ అందేది సుమారు మీటరు దూరం వరకే. గుర్తుకు ఎదురుగా, దగ్గరగా నిలబడండి. అవతలి మనిషిని మైకు వైపు తిరిగి మాట్లాడమనండి.

రిసీవర్ చేతికిస్తే

కొన్నిచోట్ల చిన్న పెట్టెలాంటి రిసీవర్ ఇస్తారు. అది రేడియో తరంగాలతో పనిచేసేది కావచ్చు, ఇన్‌ఫ్రారెడ్‌తో పనిచేసేది కావచ్చు. దానితో పాటు హెడ్‌ఫోన్ ఇచ్చి, "మీ మిషన్ తీసేసి ఇది పెట్టుకోండి" అంటారు. తీయకండి. ఆ మిషన్‌ను మీ వినికిడికి తగ్గట్టు సరిచేసి ఇచ్చారు, ఆ హెడ్‌ఫోన్‌ను అలా చేయలేదు. నెక్‌లూప్ ఇవ్వమని అడగండి. అది మెడలో దండలా పడే తీగ. రిసీవర్‌కు తగిలించి, మిషన్‌ను టి ప్రోగ్రాంలో పెడితే మీ చుట్టూ మీ సొంత లూప్ తయారైనట్టే. అమెరికాలో 2010 నాటి ప్రమాణాల ప్రకారం హాల్లో ఉంచే రిసీవర్లలో కనీసం 25 శాతం, రెండుకు తగ్గకుండా, హియరింగ్ ఎయిడ్‌తో కలిసి పనిచేసేవి ఉండాలి. అంటే నెక్‌లూప్ అడగడంలో మొహమాటపడాల్సింది ఏమీ లేదు. పేస్‌మేకర్ ఉన్నవాళ్లు మాత్రం నెక్‌లూప్ వాడే ముందు తమ డాక్టర్‌ను అడగాలి.

టెలికాయిల్ లేకపోతే పెద్ద హెడ్‌ఫోన్‌ను మిషన్ మీదుగానే పెట్టుకోవచ్చు. చెవి వెనక మిషన్ అయితే దాని మైకు చెవి పైభాగాన ఉంటుంది, అందుకని హెడ్‌ఫోన్‌ను కాస్త పైకి జరిపి ఆ మైకును కప్పేలా పెట్టాలి. కీచుమని కూత వస్తే అటూ ఇటూ కొద్దిగా కదిపి చూడండి.

రిసీవర్ వాల్యూం తక్కువలో మొదలుపెట్టి మెల్లగా పెంచండి. ఏమీ వినపడకపోతే ఛానల్ నంబర్ సరైనదేనా అని అడగండి. పక్క హాల్లో జరిగే కార్యక్రమం మీ చెవిలో పడే అవకాశం కూడా ఉంది.

ఇన్‌ఫ్రారెడ్ కంటికి కనిపించని కాంతి, అది గోడలు దాటదు. రహస్యం కాపాడాల్సిన కోర్టు గదులకు అది అనుకూలం కావడానికి కారణం కూడా ఇదే. మీ రిసీవర్‌కు, గదిలోని ట్రాన్స్‌మిటర్ ప్యానెల్‌కు మధ్య అడ్డు ఉండకూడదు. శాలువా కిందో హ్యాండ్‌బ్యాగ్‌లోనో పెడితే మాట తెగిపోతుంది. నేరుగా ఎండ పడే చోట కూడా సరిగ్గా పనిచేయదు. రేడియో రిసీవర్‌కు ఈ ఇబ్బందులు లేవు, జేబులో వేసుకుని తిరగవచ్చు.

ఫోన్‌తో, బ్లూటూత్‌తో

కొన్ని హాళ్లు తమ వైఫై మీదుగా శబ్దాన్ని మీ ఫోన్‌కు పంపుతాయి. యాప్‌ను ఇంట్లోనే దించుకోండి. అక్కడికి వెళ్లాక వాళ్ల వైఫైకి కనెక్ట్ అయి, ఛానల్ ఎంచుకుంటే ఫోన్ నుంచి మీ మిషన్‌కు శబ్దం వస్తుంది. ఇందులో మాట కొంచెం ఆలస్యంగా రావచ్చు. వేదిక మీద పెదాలు కదలడం ముందు, మాట తర్వాత. పెదాలు చూసి అర్థం చేసుకునే అలవాటు ఉన్నవాళ్లకు ఇది చికాకు.

ఆరాకాస్ట్ కొత్తగా వచ్చిన పద్ధతి. బ్లూటూత్ సాంకేతికతలోనే ఒక భాగంగా 2022లో ఈ పేరుతో ప్రకటించారు. మామూలు బ్లూటూత్‌లో ఫోన్‌కూ మిషన్‌కూ జత కట్టాలి. ఆరాకాస్ట్‌లో ఒక ట్రాన్స్‌మిటర్ పంపిన శబ్దాన్ని ఆ పరిధిలో ఉన్న ఎంతమందైనా అందుకోవచ్చు. ఫోన్ సెట్టింగ్స్‌లో గానీ, మిషన్ కంపెనీ యాప్‌లో గానీ దగ్గర్లోని ప్రసారాల పేర్లు కనిపిస్తాయి. హాలు చెప్పిన పేరు ఎంచుకోవాలి, పాస్‌వర్డ్ అడిగితే ఇవ్వాలి. కొన్నిచోట్ల క్యూఆర్ కోడ్ స్కాన్ చేస్తే చాలు.

ఇక్కడ చాలామంది పొరపడతారు. మిషన్‌లో బ్లూటూత్ ఉన్నంత మాత్రాన ఆరాకాస్ట్ ఉన్నట్టు కాదు. కొన్నిటికి సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ చేయించాలి, పాతవాటికి అసలు రాదు. కొత్త మిషన్ కొనేటప్పుడు "ఆరాకాస్ట్ ఉంది కదా, టెలికాయిల్ ఎందుకు?" అని ఎవరైనా అంటే ఒప్పుకోకండి. లూపులు ఇప్పటికే ఎన్నో హాళ్లలో ఉన్నాయి, ఆరాకాస్ట్ ఇంకా విస్తరిస్తోంది. రెండూ ఉన్న మిషన్ దొరికితే అదే తీసుకోండి.

ఏ ఏర్పాటూ లేని చోట

చిన్న మీటింగులకు, గైడ్‌తో తిరిగే మ్యూజియంలకు మీ సొంత రిమోట్ మైక్, అంటే మాటను తీగ లేకుండా మీ మిషన్‌కు పంపే చిన్న మైకు, తీసుకెళ్లండి. మాట్లాడేవారి చొక్కాకు, నోటికి జానెడు దూరంలో తగిలించమని అడగండి. నేను అడిగినవాళ్లలో కాదన్నవాళ్లు ఇప్పటిదాకా లేరు.

బయటికొచ్చేటప్పుడు

లేచే ముందు మిషన్‌ను మామూలు ప్రోగ్రాంలోకి మార్చండి. టిలోనే ఉంచి రోడ్డు మీదికి వస్తే వెనక నుంచి వచ్చే బండి హారన్ వినపడదు. రిసీవర్ తిరిగి ఇచ్చేటప్పుడు ఎలా పనిచేసిందో ఒక్క నిమిషం చెప్పండి. "ఎడమ వైపు ఐదో వరుసలో అసలు రాలేదు", "ఈ రిసీవర్‌లో బ్యాటరీ అయిపోయింది" అని గుర్తుపెట్టుకుని చెప్పండి. ఆ సిస్టంను చూసుకునేవాళ్లకు మామూలుగా వినపడుతుంది కాబట్టి, అది పాడైన సంగతి మనం చెబితేనే వాళ్లకు తెలుస్తుంది.