లీటరు సీసా లెక్క

గుండె, కిడ్నీ జబ్బున్న కొందరికి డాక్టర్లు నీళ్లు, టీ, మజ్జిగ అన్నీ కలిపి రోజుకు లీటరుకు మించి తాగొద్దంటారు. ఇంట్లో తలా కాస్త ఇస్తుంటే ఎంత తాగారో ఎవరికీ తేలదు. పొద్దున్నే లీటరు సీసా నిండా నీళ్లు పట్టి మంచం పక్కన పెట్టండి. మంచినీళ్లు అందులోంచే ఇవ్వాలి. టీ, మజ్జిగ, జావ, చారు ఇస్తే, అదే గ్లాసుతో అంతే నీళ్లు సీసాలోంచి కొలిచి మొక్కలకు పోసేయండి. సీసా ఖాళీ అయితే ఆ రోజు కోటా అయిపోయినట్టే. రాత్రి మాత్రలకు కాసిన్ని మిగుల్చుకోండి, చాలామంది అదే మర్చిపోతారు. నోరెండిందని ఐసుముక్క ఇచ్చినా లెక్కలోకే వస్తుంది. వాంతులో విరేచనాలో పట్టుకున్న రోజు మాత్రం ఈ లెక్క పనికిరాదు, వెంటనే డాక్టరుకు ఫోన్ చేయండి.