సకగుచి పేపర్లు ఏ వరుసలో చదవాలి

మా ల్యాబ్‌లో చేరే జూనియర్లకి నేను చెప్పేది ఒకటే: రోగనిరోధక వ్యవస్థ సొంత శరీరంమీదే దాడిచేయకుండా (ఆటోఇమ్యూన్ జబ్బు రాకుండా) ఆపే రెగ్యులేటరీ టీ కణాల్ని కనిపెట్టిన షిమోన్ సకగుచి పనిని 2025 నోబెల్ వార్తలతో మొదలుపెట్టకండి. ముందు 1969 నాటి ఓ జపాన్ ప్రయోగం చూడండి. మూడు రోజుల ఆడ ఎలుకపిల్లకి థైమస్ (టీ కణాలు తయారయ్యే గ్రంథి) తీసేస్తే అండాశయం పాడైంది. ఎందుకు? ఆ ప్రశ్నే ఆయన్ని పట్టుకుంది.

తర్వాత 1995 పేపర్. దీన్ని బొమ్మ గీసుకుంటూ నిదానంగా చదవండి. టీ కణాలంటే ఒక రకం తెల్లరక్తకణాలు; సీడీ4, సీడీ25 వాటి పైపొర మీది ప్రోటీన్లు. ఎలుక సీడీ4 టీ కణాల్లోంచి సీడీ25 ఉన్నవాటిని ఏరేసి, మిగతావి టీ కణాలు లేని ఎలుకకి ఎక్కించారు. థైరాయిడ్, పొట్ట, ఇలా చాలా అవయవాలకి ఆటోఇమ్యూన్ జబ్బులొచ్చాయి. ఏరేసినవి తిరిగిస్తే రాలేదు. నన్నడిగితే ఈ తిరిగివ్వడమే పేపర్‌కి ప్రాణం.

ఆయనతో నోబెల్ పంచుకున్న బ్రంకో, రామ్స్‌డెల్‌లు 2001లో చూపిన ఫాక్స్‌పీ3 జన్యువు (ఇది పాడైతే ఆటోఇమ్యూన్ జబ్బు వస్తుంది), 2003లో సకగుచి దాన్ని ఈ సీడీ25 కణాలతో, అంటే రెగ్యులేటరీ టీ కణాలతో, ముడిపెట్టడం, ఇవి త్వరగానే అర్థమవుతాయి.

ఇక ఫ్లో సైటోమీటర్ (కణాల్ని ఒక్కొక్కటిగా లేజర్‌తో చూసే యంత్రం) దగ్గర, ఈ కణాల్ని గుర్తుపట్టేటప్పుడు: మనిషి రక్తంలో సీడీ25 ఒక్కదాన్నే నమ్మకండి. యాక్టివేట్ అయిన మామూలు టీ కణాలమీదా అది కనిపిస్తుంది. సీడీ25 ఉండి, సీడీ127 అనే మరో పైపొర ప్రోటీన్ తక్కువున్నవి చూడండి. ఫాక్స్‌పీ3 స్టెయినింగ్‌కి (రంగు అంటించి చూడడానికి) కణాల్ని రసాయనంతో ఫిక్స్ చేయాలి, అవి ఇక బతకవు. కల్చర్‌కి (ల్యాబ్‌లో పెంచడానికి) కావలసినవి ముందే వేరే ట్యూబులో తీసిపెట్టుకోండి.