కొండకింద ఇల్లున్నవారు దర్శనానికి వచ్చే చుట్టాలను చూసుకునే పద్ధతి

అవిలాల, తిరుచానూరు, పేరూరు, మంగళం, కరకంబాడి రోడ్డు వంటి తిరుపతి శివారు ప్రాంతాల్లో కొత్తగా ఇల్లు కట్టుకున్నవారు గృహప్రవేశం నాడే ఒక సంగతి గ్రహించడం మంచిది. ఇల్లు మీ పేరు మీద రిజిస్టరయినప్పటికీ, చుట్టాల లెక్కలో అది కొండకు పోయే దారిలో ఉన్న సత్రమే. అవిలాలలో చాలా ఏళ్లుగా కాపురముంటూ, ఒక్క వేసవి సెలవుల్లోనే మూడు తరాల బంధువులకు పక్కలు పరిచిన అనుభవంతో ఈ సూచనలు రాస్తున్నాను. వీటిలో సగం నేను తప్పు చేసిన తర్వాత నేర్చుకున్నవే.

పని ఫోను మోగినప్పుడే మొదలవుతుంది. "ఈ శనివారం దర్శనానికి వస్తా ఉండాము" అన్న మాట వినగానే సంతోషం ప్రకటించి ఊరుకోకూడదు. ఎంతమంది వస్తున్నారు, దర్శనం టికెట్ చేతిలో ఉందా లేదా, తలనీలాలు ఇచ్చేవారు ఎవరు, రైలు ఎక్కడ ఆగుతుంది అన్న నాలుగు ప్రశ్నలూ అప్పుడే అడిగి, జవాబులను ఒక కాగితం మీద రాసుకోవాలి. నాలుగో ప్రశ్న చాలామందికి చిన్నదిగా కనిపిస్తుంది. అనేక దూరప్రాంత రైళ్లు తిరుపతి స్టేషనుకు రాకుండా రేణిగుంట జంక్షను మీదుగానే వెళ్లిపోతాయి కాబట్టి, టికెట్ మీద ఏ స్టేషను పేరు ఉందో చదివించుకోకపోతే మీరు తిరుపతి స్టేషను ముందు విష్ణునివాసం దగ్గర నిలబడి ఉంటారు, మీ మేనమామ తెల్లవారుజామున మూడు గంటలకు పది కిలోమీటర్ల అవతల రేణిగుంట ప్లాట్‌ఫాం మీద సూట్‌కేసు మీద కూర్చుని ఉంటారు. మా మేనమామ ఆ మాట ఇప్పటికీ ప్రతి పెళ్లిలోనూ చెబుతారు.

టికెట్ విషయానికి కొంత ఎక్కువ ఓపిక కావాలి. తిరుపతిలో ఉండేవారందరికీ దేవస్థానంలో ఎవరో ఒకరు తెలిసే ఉంటారని బయటి ఊళ్లవారికి గట్టి నమ్మకం. "మీకు కొండపైన తెలిసినవాళ్లు లేరా?" అని అడిగితే నేను చెప్పే జవాబు ఒక్కటే: తెలిసినవాడు ఒక్కడున్నాడు, కానీ ఆయన గర్భగుడి దాటి బయటికి రాడు, మీరే వెళ్లి కలవాలి. ఈ మాటకు నవ్వుతారు కాబట్టి ఆ నవ్వు మీదనే అసలు సంగతి చెప్పేయాలి. మూడు వందల రూపాయల ప్రత్యేక ప్రవేశ దర్శనం టికెట్లు దాదాపు మూడు నెలల ముందే ఆన్‌లైన్‌లో విడుదలవుతాయి, విడుదలైన కాసేపటికే అయిపోతాయి. అవి దొరకనివారికి తిరుపతిలోనే బస్టాండు ఎదుట శ్రీనివాసం, రైల్వే స్టేషను ఎదుట విష్ణునివాసం, అలిపిరి దగ్గర భూదేవి కాంప్లెక్సు వద్ద ఆధార్ చూపిస్తే సమయం ముద్రించిన సర్వదర్శనం టోకెన్లు ఇస్తారు. ఆ టోకెను కూడా లేనివారు పైకి వెళ్లి, వంతు వచ్చేదాకా కంపార్ట్‌మెంట్లనే క్యూ గదుల్లో కూర్చోవలసిందే. ఇచ్చే చోట్లూ, వేళలూ, సంఖ్యలూ తరచూ మారుతుంటాయి కాబట్టి చుట్టాలు బయలుదేరే ముందు రోజు దేవస్థానం ప్రకటన చూసి చెప్పండి. పోయినసారి జరిగిన పద్ధతిని ఈసారికి హామీగా చెప్పకండి. ఆటోస్టాండు దగ్గరో టీకొట్టు దగ్గరో "అర్ధగంటలో దర్శనం" అని పలికే దళారులకు డబ్బు కట్టనివ్వకండి. మోసపోయినవారు దళారీని తిట్టరు, ముందుగా చెప్పలేదని మిమ్మల్ని తిడతారు.

స్థానికుల కోటా గురించి కూడా ముందే స్పష్టం చేయాలి. 2024 డిసెంబరు నుంచి నెలలో మొదటి మంగళవారం తిరుపతివారికి ప్రత్యేకంగా దర్శనం కల్పిస్తున్నారు. దానికి ఆధార్‌లో ఇక్కడి చిరునామా ఉండాలి. మీ ఇంట్లో రెండు రోజులు పడుకున్నంత మాత్రాన మీ తోడల్లుడు స్థానికుడు కాడు. నిజానికి కొండ కళ్లెదుటే ఉన్న మాలాంటివారిలో చాలామంది ఏడాదికి ఒకసారైనా పైకి పోరు, చుట్టాలను అలిపిరి దాకా దింపి వెనక్కి వస్తారు. దూరపు కొండలు నునుపు అన్న సామెత మా విషయంలో తలకిందులయింది, దగ్గరి కొండ మాకు కంటికి ఆనడం మానేసింది.

వైకుంఠ ఏకాదశి, బ్రహ్మోత్సవాల్లో గరుడసేవ రోజుల్లో మాత్రం మొహమాటం పక్కన పెట్టి, వృద్ధులనూ పసిపిల్లలనూ తీసుకురావద్దని ఫోనులోనే చెప్పండి. 2025 జనవరి 8 రాత్రి వైకుంఠ ద్వార దర్శనం టోకెన్ల కోసం తిరుపతిలో గుమికూడిన జనంలో తొక్కిసలాట జరిగి ఆరుగురు ప్రాణాలు కోల్పోయారు.

ఇక నీళ్లు. ఈ ఊరి ఆతిథ్యంలో కష్టమంతా ఇక్కడే ఉంది. కొండకు వెళ్లేవారు తెల్లవారుజామున రెండు గంటలకే లేచి తలంటు పోసుకుంటారు, దర్శనం నుంచి తిరిగి వచ్చాక మళ్లీ పోసుకుంటారు, గుండు కొట్టించుకున్నవారు మెడ మీది వెంట్రుకలు గుచ్చుకుంటున్నాయని మూడోసారి కూడా పోసుకుంటారు. తిరుపతికి కళ్యాణి డ్యాము, తెలుగుగంగ నీళ్లు ఆధారం. శివారు వీధుల్లో ఎండాకాలం కొళాయి రోజూ వస్తుందన్న భరోసా లేదు. ఒక మే నెలలో మా ఇంట పదకొండు మంది ఉండగా, తలకు కుంకుడురసం పట్టించుకున్న పెద్దమ్మ బాత్‌రూంలో ఉన్నప్పుడే ఓవర్‌హెడ్ ట్యాంకు ఖాళీ అయింది. పక్కింటి బావినీళ్లు బిందెలతో మోసి ఆమెను బయటికి తేవలసి వచ్చింది. అప్పటినుంచి ఆరుగురికి మించి వస్తున్నారంటే ముందురోజు సాయంత్రమే ట్యాంకరు పిలిపించి సంపు నింపుతున్నాను, ఎవరు ఎన్ని గంటలకు స్నానానికి వెళ్లాలో రాత్రి భోజనాల దగ్గరే నిర్ణయిస్తున్నాను. ముసలివారికి మొదటి వంతు ఇవ్వాలి, పెళ్లికాని పిల్లలకు చివరిది, ఎందుకంటే వారు అద్దం ముందు నుంచి కదలరు.

భోజనాల్లో రెండు భాగాలున్నాయి. కొండెక్కే ముందు వంటింట్లో మాంసం, గుడ్డు వాసన కూడా ఉండకూడదు. పులిహోర, పెరుగన్నం చాలు. పైన తరిగొండ వెంగమాంబ అన్నప్రసాద కేంద్రంలో ఉచితంగా భోజనం దొరుకుతుంది కాబట్టి క్యారియర్లు కట్టి పంపే శ్రమ అక్కరలేదు. దిగి వచ్చిన మరునాడు మాత్రం చిత్తూరు జిల్లా వంట పెట్టకపోతే చుట్టాలు మనసులో పెట్టుకుంటారు: రాగిసంగటి, నాటుకోడి పులుసు, చెనిక్కాయల ఊరుబిండి (వేరుశెనగ పచ్చడి). సంక్రాంతి రోజుల్లో వచ్చినవారికి అనపకాయలు ఒలిచి పితికిపప్పు చేసి పెట్టండి; ఆ ఒలిచే పని వారి చేతనే చేయిస్తే మాటలూ సాగుతాయి, పప్పూ తయారవుతుంది.

నడిచి ఎక్కుతామన్నవారి మోకాళ్ల సంగతి ఆరా తీసిన తర్వాతే దారి చెప్పాలి. అలిపిరి దారిలో దాదాపు 3,550 మెట్లు, సుమారు 9 కిలోమీటర్ల దూరం. ఆరంభంలో గాలిగోపురం దాకా ఎక్కుడు నిటారుగా ఉంటుంది, మధ్యలో చదునుగా సాగి, చివర మోకాళ్లమిట్ట దగ్గర అసలు పరీక్ష ఎదురవుతుంది. శ్రీనివాసమంగాపురం వైపు నుంచి వెళ్లే శ్రీవారిమెట్టు దారిలో మెట్లు 2,388 మాత్రమే, కానీ ఊపిరి తీసుకోవడానికి చదును తక్కువ. సామాన్లు అలిపిరిలోని లగేజీ కౌంటర్‌లో ఇస్తే ఉచితంగానే పైకి చేరుస్తారు. 2023లో నడకదారిలో చిరుత ఒక బాలికను పొట్టన పెట్టుకున్న తర్వాత పిల్లల విషయంలో వేళల ఆంక్షలు పెట్టారు కాబట్టి, పిల్లలున్నవారిని ఉదయమే బయలుదేరదీయండి. ప్లాస్టిక్ నీళ్ల సీసాలు పైకి తీసుకుపోనివ్వరు, స్టీలు సీసాలు ఇచ్చి పంపండి. వాటి మీద మీ ఇంటిపేరు చెక్కించి ఉంటే తిరిగి వచ్చే అవకాశం కొంత పెరుగుతుంది. పైన ముందు వరాహస్వామిని దర్శించుకుని తర్వాతే శ్రీవారి దగ్గరకు వెళ్లడం సంప్రదాయమని పిల్లలకు కూడా చెప్పండి. తిరుచానూరు అమ్మవారి దర్శనాన్ని దిగివచ్చిన సాయంత్రానికి పెట్టుకుంటే సౌకర్యం. కార్తీక బ్రహ్మోత్సవాల చివర పంచమీతీర్థం రోజున మాత్రం అటువైపు వీధుల్లో సైకిలు కూడా కదలదు.

లడ్డూల లెక్క వేరే ఉంది. దర్శనం చేసుకున్న ప్రతివారికీ ఒక చిన్న లడ్డు ఉచితంగా ఇస్తారు, అదనంగా కావాలంటే ఒక్కొక్కటి యాభై రూపాయలు. 2009లో భౌగోళిక గుర్తింపు పొందిన ఈ లడ్డును శివారు వీధుల్లో మేము చలామణి నాణెంగా వాడుకుంటాం: గ్యాస్ సిలిండరు తెచ్చే కుర్రవాడికి, పక్కింట బావినీళ్లు ఇచ్చిన పెద్దాయనకు, ట్యాంకరు డ్రైవరుకు. అందుచేత చుట్టాలు ఊరికి తీసుకుపోయే లెక్కకు మించి నాలుగు తెమ్మని వెళ్లేటప్పుడే అడగండి. వారు మీకు రెండు లడ్డూలు చేతిలో పెట్టి, మీరెన్నడూ చూడని వస్తువును ఎంతో దూరం నుంచి మోసుకొచ్చినట్టు "కళ్లకద్దుకుని తినండి" అంటారు. కళ్లకద్దుకుని తినండి.

చివరగా గంగజాతర వారం గురించి ప్రత్యేకంగా చెప్పాలి. తిరుపతి గ్రామదేవత తాతయ్యగుంట గంగమ్మను శ్రీవారి చెల్లెలిగా కొలుస్తారు. మా అవిలాల ఆమెకు పుట్టిల్లు, జాతరకు సారె ఇక్కడినుంచే పోతుంది. మే నెలలో ఒక మంగళవారం రాత్రి చాటింపు వేశాక, ఆ రాత్రి ఊళ్లో ఉన్నవారు జాతర ముగిసేదాకా పొలిమేర దాటి మరోచోట నిద్ర చేయకూడదన్నది పాతవారి కట్టుబాటు. మీ ఇంట్లో పెద్దవారు ఈ నియమం పాటించేవారయితే, మంగళవారానికి ముందే తిరుగు రైలు ఎక్కమని చుట్టాలకు చెప్పండి, లేదా వారం రోజుల బియ్యం తెచ్చిపెట్టుకోండి. ఉండిపోయినవారిలో పిల్లలుంటే ముందుగా సిద్ధం చేయాలి. బైరాగి వేషానికి ఒళ్లంతా నామకొమ్ము (తెల్లసుద్ద), బండ వేషానికి కుంకుమ, తోటి వేషానికి బొగ్గు, దొర వేషానికి చందనం పూసుకున్న మనుషులు వేపరెమ్మలతో వీధిలోకి వస్తారు, ఎదురైనవారిని బూతులు తిడతారు. ఆ తిట్లకు కోపగించుకోకూడదు, బదులు చెప్పకూడదు. చేతికందిన చిల్లర ఇచ్చి దండం పెట్టాలి. ఆఖరి రోజుల్లో మగవారు చీర కట్టి జడ వేసుకుని మొక్కు తీర్చుకుంటారు. కిందటేడు హైదరాబాదు నుంచి వచ్చిన మా బావమరిది మొదటి రోజు తలుపు గడియ వేసుకుని కిటికీలోంచి చూశాడు, శనివారానికి నన్ను చందనం ఎక్కడ దొరుకుతుందని అడిగాడు, మంగళవారం నాటికి మా ఆవిడ పట్టుచీర అడిగాడు. చీర ఇచ్చేముందు జరీ అంచుకు పాత గుడ్డతో లోపలివైపు కుట్టు వేయించండి, లేకపోతే తిరిగి వచ్చేది సగం చీరే.